అసలు సభ్యులు ఎంతమంది అన్న లెక్క

జర్మనీలో ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ కచేరీ చూశానని చెబితే, రాక్ సంగీతం బాగా తెలిసిన మిత్రులు కూడా వాళ్లు ఎలా వాయించారని అడగరు. అందులో అసలు సభ్యులు ఎంతమంది మిగిలారని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఉన్నది కుతూహలం కంటే వెటకారమే ఎక్కువ. డెబ్బై, ఎనభై ఏళ్ల ముసలివాళ్లు పాత పేరు తగిలించుకుని దేశాలు తిరుగుతుంటే, విమానం ఎక్కి వెళ్లి మరీ వాళ్లకు డబ్బు సమర్పించి వచ్చావా అన్నది దాని అంతరార్థం. ఈ లెక్క వేసేవారికి ఆ బృందం చరిత్రే సరిగ్గా తెలియదని నా అభిప్రాయం.

1968లో ఇంగ్లండులో మొదలైన ఈ బృందంలో మొదటి రోజు నుంచి ఈనాటి వరకు ఉన్నది డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఒక్కరే. అందరూ ‘అసలు గొంతు’ అని నెత్తిన పెట్టుకునే ఇయాన్ గిలన్, బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్ 1969లో వచ్చి చేరినవారు. వారికి ముందు రాడ్ ఇవాన్స్ పాడిన ఆల్బమ్‌లు మూడున్నాయి. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ రెండు విడతల్లో కలిపి పదహారేళ్లకు కాస్త అటూ ఇటూగా ఉండగా, 1994లో వచ్చిన స్టీవ్ మోర్స్ 2022 వరకు ఇరవై ఎనిమిదేళ్లు కొనసాగారు. అయినా మోర్స్‌ను చివరిదాకా ‘కొత్త గిటారిస్టు’ అనే పిలిచారు. 2002లో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ తప్పుకున్నాక ఆయన స్థానంలోకి వచ్చిన డాన్ ఏరీ ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నా, ఆయనకూ ఆ ముద్ర పోలేదు. సభ్యులు మారినప్పుడల్లా అభిమానులు మార్క్ వన్, మార్క్ టూ అంటూ సంఖ్యలు వేసుకుంటూ వచ్చిన బృందమిది. మారడమే దాని స్వభావమైనప్పుడు, ఎవరు మారారన్నది నేరారోపణ ఎలా అవుతుంది?

కచేరీ చివర్లో వాయించిన ‘హష్’ పాటనే తీసుకోండి. అమెరికాలో ఈ బృందానికి మొదటి పేరు తెచ్చిన ఆ పాట 1968లో ఇవాన్స్ పాడినది. రాసినది జో సౌత్. అంటే ఆ రాత్రి దాన్ని పాడిన గిలన్ దాని అసలు గాయకుడూ కాదు, ఆ పాట అసలు వాళ్లదీ కాదు. అయినా మొత్తం అరీనా లేచి నిలబడి గొంతు కలిపింది. ‘అసలు’ అన్న కొలమానం పట్టుకుని కూర్చున్నవారు ఆ క్షణంలో ఏ గడిలో టిక్కు పెట్టుకుంటారో నాకు తెలియదు.

రెండో ఆక్షేపణ, రికార్డులో విన్నట్టు ఉండదు కదా అన్నది. ఉండదు, ఉండకూడదు కూడా. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోలలో రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ కచేరీ ఆల్బమ్ విన్నవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. అదే ఏడాది స్టూడియో ఆల్బమ్‌లో నాలుగున్నర నిమిషాలున్న ‘స్పేస్ ట్రకిన్’ ఆ వేదికల మీద దాదాపు ఇరవై నిమిషాలు సాగింది. పాటను ఒక ఆధారంగా పెట్టుకుని, దాని మీద అప్పటికప్పుడు ఏం కట్టగలమో చూడడం వాళ్లు యౌవనంలో ఉన్నప్పుడే పెట్టుకున్న పద్ధతి. అందుకే స్టూడియో రికార్డును చెవిలో పెట్టుకుని వచ్చి, ఫలానా చోట ఫలానా స్వరం పడలేదని ఎంచేవారు 1972లో వచ్చి ఉన్నా అసంతృప్తితోనే వెళ్లేవారు.

నాకు వేదికకు పక్కగా, కొంచెం ఎత్తులో సీటు దొరికింది. ముందు వరుసల వారికి కనిపించనిది అక్కడి నుంచి కనిపించింది. పేస్ ఎడమచేతి వాటం డ్రమ్మర్ కావడంతో ఆయన డ్రమ్స్ అమరిక అంతా మనం చూసే అలవాటుకు తిరగేసి ఉంటుంది. ఆయన చేతుల కంటే ఎక్కువగా నేను ఆయన తలను గమనించాను. హామండ్ ఆర్గన్ మీద ఏరీ ఒక చరణం వాయించి ఆపగానే, గిటారిస్టు సైమన్ మెక్‌బ్రైడ్ దాన్ని అందుకుని చివర కొద్దిగా మార్చి తిరిగి ఇచ్చాడు. ఏరీ నవ్వి ఆ మార్పునే పట్టుకుని మరింత వంచాడు. ఈ ఇచ్చిపుచ్చుకోళ్లు సాగినంతసేపూ పేస్ తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూనే ఉంది, ఎవరు ముగిస్తారో ముందే పసిగట్టి ఆ ముగింపు కింద సరిగ్గా ఒక స్నేర్ రోల్ (స్నేర్ డ్రమ్ మీద గడగడమనే వరుస దెబ్బలు) పరిచేందుకు. మెక్‌బ్రైడ్ 1979లో పుట్టాడు. అప్పటికి ఈ బృందం ఒకసారి విడిపోయి కూడా మూడేళ్లయింది. అయినా ఆ సంభాషణలో అతడు అతిథిలా లేడు.

గిలన్ గొంతు సంగతి దాచనవసరం లేదు. 1945లో పుట్టిన మనిషి ఇరవై ఆరేళ్ల వయసులో వేసిన కేకలు ఇప్పుడు వేయలేరు, వేయడానికి ప్రయత్నించడమూ లేదు. ఆ కేకలే ప్రాణమైన ‘చైల్డ్ ఇన్ టైమ్’ పాటను వేదిక మీద పాడడం ఆయన ఎప్పుడో మానేశారు. సోలోలు నడుస్తున్నప్పుడు పక్కకు వెళ్లి ఊపిరి తీసుకుని వస్తారు. అందని స్వరాన్ని వదిలేసి, అందేదాన్ని గట్టిగా పాడే ఈ పద్ధతి నాకు నిజాయితీగా తోచింది. ముందే రికార్డు చేసిన గొంతును వెనక నుంచి వదులుతూ పెదవులు కదిపేవారితో పోలిస్తే ఇది వెయ్యి రెట్లు నయం. 2023 డిసెంబరు 2న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా రాక్ బృందం కిస్ తన చివరి కచేరీ ముగిస్తూ, ఇకపై డిజిటల్ అవతారాలు తమ స్థానంలో ఉంటాయని తెర మీద చూపించింది. ఆ అవతారాలకు ముసలితనం రాదు, సభ్యులు మారరు, స్వరం తప్పదు. ‘అసలు’ కోరేవారికి అంతకంటే అసలైనది దొరకదు. నేను మాత్రం ఆ టికెట్టు కొనను.

అయితే అందరినీ మార్చవచ్చని నేను అనడం లేదు. రోలింగ్ స్టోన్స్‌లో డ్రమ్మర్ చార్లీ వాట్స్ స్నేర్ మీద కొట్టే క్షణంలో హై-హ్యాట్ అనే జంట తాళాల మీద నుంచి కర్ర ఎత్తేసేవారు. ఆ చిన్న ఖాళీయే ఆ బృందం నడకకు ఊపిరి. 2021లో ఆయన మరణించారు. ఆయన స్థానంలో వాయిస్తున్న స్టీవ్ జోర్డాన్ గొప్ప డ్రమ్మర్, కానీ పాట బరువు వేరే చోట పడుతోంది. నడకను నిర్ణయించే మనిషి పోతే బృందం వేరే బృందమవుతుంది. పేస్ 2016లో మినీ స్ట్రోక్ వచ్చి రెండు కచేరీలు రద్దు చేసుకోవలసి వచ్చినప్పుడు, 1968 నుంచి తాను ఒక్క కచేరీ కూడా తప్పలేదని నొచ్చుకున్నారు. ఆయన కూడా తప్పుకుని, అదే పేరుతో టికెట్లు అమ్మితే అప్పుడు మిత్రుల వెటకారంతో నేనూ గొంతు కలుపుతాను.

విదేశంలో చూడడంలో జూదం లేకపోలేదు. 2022 జూన్ 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో జనం అప్పటికే స్టేడియంలోకి చేరుతుండగా, గాయకుడు మిక్ జాగర్‌కు కోవిడ్ అని తేలి రోలింగ్ స్టోన్స్ కచేరీ వాయిదా పడింది. జూలై 7న మళ్లీ పెట్టారు. ఆ ఊరివారికి అది మూడున్నర వారాల ఎదురుచూపు, వీసా గడువుతో వచ్చినవారికి తిరుగు ప్రయాణం. అందుకని కచేరీ కోసమే ప్రయాణం కట్టుకోకుండా, ప్రయాణం దారిలో కచేరీ పడేలా చూసుకోవడం మేలు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మరచిపోకండి. వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరించడంతో 2016లో ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ పర్యటన మధ్యలోనే ఆపవలసి వచ్చింది.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండినది ప్రేక్షకుల విషయంలో. వాళ్ల పాటల్లో అందరికీ తెలిసిన ‘స్మోక్ ఆన్ ది వాటర్’ రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే ఆ గిటార్ పలుకు, మొదలవగానే చుట్టూ ఉన్నవారంతా ఫోన్లు పైకెత్తారు, సరే, అది ఊహించినదే. కానీ 2024లో వచ్చిన ‘=1’ ఆల్బమ్ నుంచి కొత్త పాట మొదలైన ప్రతిసారీ నా వరుసలో సగం మంది బీరు కోసం లేచి వెళ్లారు. వీళ్లు పాత పాటల మీదే బతుకుతున్నారని బృందాలను తిట్టేదీ, కొత్త పాట వినిపిస్తే లేచిపోయేదీ చాలాసార్లు ఒకే మనుషులు. మెక్‌బ్రైడ్ ఆ రాత్రి బ్లాక్‌మోర్‌తో గాని, మోర్స్‌తో గాని పోల్చడానికి వీల్లేకుండా వాయించినది ఆ పాటల్లోనే, ఎందుకంటే వాటిని రికార్డు చేసినది అతడే. ‘అసలు గిటారిస్టు’ వాయించిన అసలు పాటలు సాగుతున్నంతసేపూ వాళ్లు బీరు వరుసలో నిలబడి ఉన్నారు.