టైర్ల విషయంలో రాజీ లేదు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఇల్లు కొనడానికి రెండు వీకెండ్లు తీసుకుంటారు. ఉద్యోగం మారడానికి ఒక సాయంత్రం చాలు. స్పోర్ట్స్ కారుకు టైర్లు మార్చాలంటే మాత్రం ఒక శీతాకాలం పడుతుంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇల్లు నచ్చకపోతే అమ్ముకోవచ్చు. ఉద్యోగం పోతే, వీసా కరుణిస్తే, ఇంకోటి దొరుకుతుంది. టైరు తప్పుది పడితే మాత్రం నలుగురిలో తలెత్తుకోలేం.

కేసు పూర్వాపరాలు ఇవి. కారు టొయోటా 86. 2012లో వచ్చింది. అమెరికాలో మొదట సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ అన్నారు, సుబారు బ్యాడ్జి తగిలిస్తే బీఆర్‌జెడ్. ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు. రెండు లీటర్లు, 200 హార్స్‌పవర్. సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరమూ 86 మిల్లీమీటర్లే. పేరు మీద ఇంత నిష్ఠ చూపించిన కంపెనీ టైర్ల దగ్గరకొచ్చేసరికి మనల్ని నిలువునా ముంచింది.

ఈ కారు చీఫ్ ఇంజనీరు తెత్సుయా తాదా మూడు వద్దనుకున్నాడు. టర్బో వద్దు, ఫోర్ వీల్ డ్రైవ్ వద్దు, విపరీతమైన గ్రిప్పున్న టైర్లు వద్దు. మలుపులో కారు వెనకభాగం కాస్త జారాలట. ఆ జారుడు మామూలు వేగంలోనే నడిపేవాడి నడుముకి తెలియాలట, కాలితో, స్టీరింగ్‌తో దాన్ని సర్దుకోవడంలోనే సరదా ఉందట. అందుకని చాలా మోడళ్లకు 215 మిల్లీమీటర్ల వెడల్పున్న మిషెలిన్ ప్రైమసీ టైర్లు వేసి పంపారు. ప్రియస్‌కి వేసే రకం టైరది. ఔను, పెట్రోలు పొదుపు చేసే ఆ ప్రియస్సే. ముప్పై వేల డాలర్ల లోపు స్పోర్ట్స్ కారు కొన్నామన్న సంతోషం ఈ ఒక్క సమాచారంతో ఆవిరైపోయిన గరాజ్‌లు ఎన్నో.

కాబట్టి ట్రెడ్, అంటే రోడ్డుని తాకే గాళ్ల పొర, సగం కూడా అరక్కముందే కొత్త టైర్ల వేట మొదలవుతుంది. అక్కడ మొదట ఎదురయ్యేది ట్రెడ్‌వేర్ అంకె. అమెరికాలో అమ్మే కారు టైర్ల పక్క గోడ మీద ఇది అచ్చేసి ఉంటుంది. 100 అంటే ప్రభుత్వం పెట్టుకున్న నమూనా టైరు మన్నినంత, 200 అంటే దానికి రెట్టింపు. ఈ పరీక్ష జరిగేది మన టెక్సస్‌లోనే. పశ్చిమాన శాన్ ఏంజెలో దగ్గర 400 మైళ్ల చుట్టు రోడ్డు మీద కార్లను బారుగా నడిపిస్తూ 7,200 మైళ్లు తిప్పుతారు. ఇంత శ్రమా పడ్డాక అంకె వేసేది ఎవరయ్యా అంటే, టైరు కంపెనీయే. మనవాడి పరీక్ష పేపరు మన ఇంట్లోనే దిద్దుకున్నట్టు.

అసలు చిత్రం ఇప్పుడు చూడండి. పార్కింగ్ లాట్లలో కోన్లు పెట్టి ఆటోక్రాస్ పోటీలు నడిపే ఎస్‌సీసీఏ అనే సంస్థ, స్ట్రీట్ తరగతి కార్లకు 200 కంటే తక్కువ అంకె ఉన్న టైర్లు కుదరవని రూలు పెట్టింది. రోడ్డు కారు ముసుగులో రేసు టైర్లు రాకూడదని వాళ్ల ఉద్దేశం. యోకోహామా అడ్వాన్ ఏ052 మీద చూడండి, 200. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్ మీద చూడండి, 200. ఒకరికి 193 రాలేదు, ఇంకొకరికి 214 రాలేదు. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు రబ్బరు, అరుగుదల మాత్రం అణువంత తేడా లేకుండా ఒకటే. ఇంతటి ఏకాభిప్రాయం నేను ఎమ్మెల్యేల జీతాల పెంపు బిల్లు దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

మనవాడు సహజంగా ఈ 200ల్లోంచే ఒకటి ఎంచుకుంటాడు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటుంది. వానలో బాగుంటుంది, చప్పుడు తక్కువ, ఎక్కువ కాలం వస్తుంది. ఇన్ని సుగుణాలున్న టైరును పిల్లల్ని స్కూల్లో దింపేవాళ్లు కొనుక్కుంటారని స్నేహితుల సభలో తేలిపోయింది. 200 టైరు అలాంటిది కాదు, వేడెక్కితే గానీ పూర్తిగా పట్టుకోదు. మనవాడి ప్రయాణమేమో ఫ్రిస్కోలో ఇంటినుంచి ఇండియన్ స్టోరుకి. దారి పొడవునా సిగ్నళ్లు. కరివేపాకు, పెరుగు డబ్బా తీసుకుని బయటికొచ్చేసరికి టైరుకి ఎక్కిన ఆ గోరువెచ్చదనం కూడా దిగిపోతుంది. జూలైలో ఈ ఇబ్బంది లేదు లెండి. పార్కింగ్ లాట్ ఎండకే టైరు పందెం వేడికి వచ్చేస్తుంది. ఇక ముందున్న మినీవ్యాన్ కదలడమే తరువాయి.

చలికాలం సంగతి వేరు. ఈ 200లు సమ్మర్ టైర్లు, వాటి రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకు వస్తే గట్టిపడుతుంది, మరీ గడ్డకట్టే చలిలో కదిపితే పగుళ్లు రావచ్చు. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 దాకా పడిపోయినప్పుడు, కరెంటు లేని ఇంట్లో పిల్లల మీద ఒక దుప్పటి, గరాజ్‌లో టైర్ల మీద రెండు దుప్పట్లు కప్పిన గృహస్థులు నాకు తెలుసు. పేర్లు చెప్పను. ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి మంచి ఆల్ సీజన్ వేసుకుంటే పోయేది కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఇంట్లోవాళ్లకి ఈ విషయాలు తెలియవు.

రెండే టైర్లు కొనాల్సి వస్తే కొత్తవి వెనక్కి వేయాలి. తడి రోడ్డు మీద ముందు చక్రాల పట్టు పోతే కారు తిరగనని మొరాయిస్తుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక పట్టు పోతే గిర్రున తిరుగుతుంది. ఇది నిజంగా ప్రాణం మీదకొచ్చే విషయం కాబట్టి దీని మీద చర్చ అర నిమిషంలో ముగుస్తుంది. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కరు మీద 35 పీఎస్ఐ గాలి కొట్టమని రాసుంటుంది, దానికి ఆ అర నిమిషం కూడా దక్కదు. సైడ్‌వాల్ మీది అక్షరాలకు తెల్ల రంగు వేయించాలా వద్దా అన్నదానికి మాత్రం రాత్రి ఒంటిగంట దాటుతుంది.

ప్రభుత్వ సహకారం గురించి కూడా చెప్పుకోవాలి. టెక్సస్ 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేసింది. డాలస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంచారు. కారు వెనకనుంచి ఏం వస్తుందో చూస్తారు, కారు దేని మీద నిలబడిందో చూడరు. ఇక మిగిలింది పెన్నీ నాణెం. లింకన్ తలకిందులుగా ఉండేలా ట్రెడ్ గాడిలో దూర్చినప్పుడు ఆయన తల పూర్తిగా కనపడితే టైరు అయిపోయినట్టే, అంగుళంలో 32కి 2 వంతుల లోతు కూడా లేనట్టు. 2025 నవంబరులో చలామణీ పెన్నీల ముద్రణ కూడా ఆపేశారు. దీని వెనక ఎవరున్నారో విచారణ జరగాలి.

సరే, నెలల మథనం తర్వాత తీర్పు వచ్చింది. 245 వెడల్పు, 200 ట్రెడ్‌వేర్, వాటికి సరిపోయే తొమ్మిది అంగుళాల రిమ్ములు, అవి తగలకుండా ఫెండర్లు వంచిన ఖర్చు అదనం. మనవాడు నిర్మానుష్యమైన మలుపు చూసుకుని స్టీరింగ్ తిప్పాడు. కారు జారలేదు. కాలు ఇంకా నొక్కాడు. జారలేదు. ఇదివరకు ముప్పై నలభై మైళ్ల దగ్గర తెలిసే సంగతి ఇప్పుడు తెలియాలంటే లైసెన్సు పోయే వేగం కావాలి. దాంతో వాడికి అర్థమైందేమిటంటే, ఈ కారుకి పవర్ చాలదు. 200 గుర్రాలు ఏ మూలకి? ఇంజనులోకి గాలి ఎక్కువ తోసి పవర్ పెంచే సూపర్‌చార్జర్ పెట్టించాలి. అది పెట్టాక 245 ఆగదు కాబట్టి 265 వెయ్యాలి. కొత్త అధ్యయన సంఘం వచ్చే శనివారం కూర్చుంటోంది, బిర్యానీ కూడా ఉంది.

తీసేసిన ప్రైమసీలు నాలుగూ గరాజ్‌లో చోటు తింటున్నాయని మార్కెట్‌ప్లేస్‌లో పెట్టారు. మర్నాడే ఇర్వింగ్ నుంచి ఒకాయన వచ్చి బేరమాడి పట్టుకెళ్లాడు. ఆయనది ప్రియస్, 17 అంగుళాల చక్రాలు, సైజు అచ్చంగా సరిపోయింది. స్పోర్ట్స్ కారు టైర్లు వేయించాక బండి రోడ్డుకి అతుక్కుపోతోందని ఊబర్ ఎక్కినవాళ్లందరికీ చెబుతున్నాడట.