పాఠాలు మాత్రం బాగా పండాయి

విదేశీ సాయంతో నడిచిన వ్యవసాయ ప్రాజెక్టు ముగింపు నివేదికను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవారు ఎవరైనా ఉంటే వారికి నా ప్రగాఢ సానుభూతి. చదవనివారు చివరి అధ్యాయం ఒక్కటి చూసినా చాలు. దాని పేరు ఎప్పుడూ ఒకటే: ‘నేర్చుకున్న పాఠాలు’. పంట ఎంత వచ్చిందన్న సంగతి ఎక్కడో అనుబంధంలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పాఠాలు మాత్రం నున్నటి కాగితం మీద, రంగు డబ్బాల్లో, నవ్వుతున్న మహిళా రైతు ఫొటో పక్కన దర్జాగా కూర్చుంటాయి. స్థానికులను ముందే సంప్రదించాల్సింది. వానల లెక్క చూడాల్సింది. మట్టి పరీక్ష చేయించాల్సింది. కోట్లు ఖర్చయ్యాక కనిపెట్టిన రహస్యాలన్నమాట ఇవి.

ఈ చదువుకు టాంజానియాను మించిన చోటు లేదు. దాతలు అక్కడ డెబ్భై ఏళ్ళకు పైగా నేర్చుకుంటూనే ఉన్నారు. ఎవరూ పాసైన దాఖలా లేదు.

శ్రీకారం చుట్టినది బ్రిటిష్ వారు. అప్పటికి ఆ దేశం పేరు టాంగన్యీకా. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది, లండన్‌లో నూనెకూ కొవ్వుకూ కటకట. 1946లో యునైటెడ్ ఆఫ్రికా కంపెనీకి చెందిన ఫ్రాంక్ శామ్యూల్ అనే పెద్దమనిషికి టాంగన్యీకాలో వేరుశనగ వేయిస్తే బాగుంటుందనిపించింది. ముగ్గురితో ఒక బృందం వెళ్ళి, చూడాల్సిన నేలలో చాలా భాగాన్ని విమానంలోంచే చూసి, భేషుగ్గా ఉందని రాసిచ్చింది. 32 లక్షల ఎకరాలు, రెండున్నర కోట్ల పౌండ్లు, ఆరేళ్ళు. మొదలుపెట్టే చోటు కొంగ్వా. అక్కడ ఉండేది గోగో జనం. పశువులను మేపుకుంటూ, జొన్నా సజ్జా వేసుకుంటూ, కరువుకు అలవాటుపడి బతికేవాళ్ళు. ఇంత ఖాళీ నేల ఇన్నాళ్ళు ఎందుకు ఖాళీగా ఉందో వాళ్ళను అడగాలని బృందానికి తోచలేదు. అడిగితే నివేదిక ఆలస్యమయ్యేది.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌లో వదిలేసిన పాత ట్రాక్టర్లు కొని ఓడల్లో తెప్పించారు. వచ్చినవి వచ్చినట్టే మొరాయించాయి. అవి చాలక షెర్మన్ యుద్ధ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్పించారు. యుద్ధంలో జర్మన్ల మీదికి వెళ్ళిన ట్యాంకు కొంగ్వా తుప్పల ముందు చతికిలపడింది. అప్పుడు ఎవరికో మెరుపులాంటి ఊహ వచ్చింది: రెండు బుల్‌డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి లాగితే తుప్పలన్నీ ఊడివస్తాయి. సముద్రానికి వందల మైళ్ళ దూరాన ఉన్న వేరుశనగ చేనికి లంగరు గొలుసులు కావాలని లండన్‌కు ఆర్డరు వెళ్ళింది. అక్కడి గుమాస్తాలు ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని దాన్ని రద్దు చేశారని చెబుతారు. మొత్తం పథకంలో బుద్ధిగా ఆలోచించినవాళ్ళు ఆ గుమాస్తాలే అనిపిస్తుంది నాకు.

ఇక బావోబాబ్ చెట్లు. గోల్కొండ నయా ఖిల్లాలో ఆ జాతి చెట్టును చూసినవారికి దాని బొదె ఎంత లావుంటుందో చెప్పనక్కర్లేదు. కొంగ్వాలో వాటిలో ఒకటి ఊరివాళ్ళ జైలట, ఇంకొకటి పెద్దలను కొలిచే చోటట. చాలావాటి తొర్రల్లో తేనెపట్లు. బ్రిటిష్ సామ్రాజ్యపు బుల్‌డోజరు వచ్చి చెట్టును ఢీకొంటే చెట్టు కదల్లేదు, తేనెటీగలు మాత్రం కదిలాయి. సిబ్బంది ఆసుపత్రి పాలయ్యారు. ప్రణాళికలో చీడపీడలకు పద్దు ఉండే ఉంటుంది. తేనెటీగలకు ఉండి ఉండదు.

ఎలాగో కొంత నేల చదును చేసి విత్తారు. కాపు కూడా వచ్చింది. కాకపోతే ఆ నేల వానకు బంక, ఎండకు బండ. నాగళ్ళు అరిగిపోయాయి. వేరుశనగకు ఊడలు దిగాలన్నా, కాయ తెగకుండా పీకాలన్నా నేల గుల్లగా ఉండాలి. ఈ ముక్క కదిరి బస్టాండులో ఎవరిని అడిగినా బస్సు వచ్చేలోగా చెప్పి, పైగా టీ ఇప్పిస్తారు. కరువొచ్చి మిగిలిందీ పోయింది. 1951 జనవరిలో పథకానికి నీళ్ళొదిలారు. మూడు కోట్ల అరవై లక్షల పౌండ్లు గంగపాలు. విత్తనానికి తెచ్చినన్ని గింజలైనా తిరిగి చేతికి రాలేదు.

పాఠాలు నేర్చుకున్నారా? అబ్బో, చాలా. పక్కన కెన్యాలో తుర్కానా సరస్సు ఒడ్డున నార్వే వాళ్ళు చేపలను గడ్డకట్టించే ఫ్యాక్టరీ కట్టినప్పుడు అవన్నీ పక్కాగా అమలయ్యాయి. తుర్కానాలు పశువుల కాపరులు. ఎడారి ఎండలో చేపను మంచుగా మార్చడానికయ్యే ఖర్చు చేప ధరను మించిపోయింది. ఫ్యాక్టరీ నాలుగు రోజుల ముచ్చటై మూతపడింది. ఆ తర్వాత సరస్సులో చేపలు పట్టే ఆ మూల నీరే వెనక్కి తగ్గింది.

ఇంతవరకూ నవ్వుకున్నాం. టాంజానియాలోనే హనాంగ్ కొండ పక్కన కెనడా డబ్బుతో వేసిన గోధుమ సంగతి కూడా నవ్వుతూనే రాద్దామనుకున్నాను, చేతకావడం లేదు. అది విఫలమైన పంట కూడా కాదు. గోధుమ పండింది. కెనడా యంత్రాలు, కెనడా నిపుణులు, పట్నాలకు రొట్టె. పండిన నేల మాత్రం బరబైగ్ పశువుల కాపరులది. దాదాపు లక్ష ఎకరాలు, వాళ్ళ మేత భూముల్లో మేలైనవి. ఏ కాలంలో ఏ మేత ఎక్కడ మేపాలో తరాలుగా లెక్క పెట్టుకున్న జనాన్ని ‘వాడుకలో లేని భూమి’ అనే ఒక్క మాటతో లేకుండా చేశారు. వాళ్ళు పెద్దల సమాధుల మీద మట్టి దిబ్బలు కడతారు. ట్రాక్టర్లు వాటినీ దున్నేశాయి. సమాధి ఏదో, మిట్ట ఏదో తెలియలేదంటే నేను నమ్మను. అడిగితే తెలిసేది. అడగాలంటే ఎదుటివాడు మనిషని ముందు ఒప్పుకోవాలి.

వాళ్ళు కోర్టుకెళ్ళారు. ముల్‌బడావ్ గ్రామస్థులు హైకోర్టులో గెలిచారు కూడా. అప్పీలు కోర్టులో తీర్పు తిరగబడింది. తాము ఈ నేల బిడ్డలమని చట్టం అడిగిన పద్ధతిలో వాళ్ళు రుజువు చేయలేకపోయారట! తాతల సమాధులు చూపిద్దామంటే వాటి మీద గోధుమ మొలిచింది. సిగ్గుండాలి, నివేదికకు రంగుల అట్ట వేసినవాళ్ళకు.

కెనడా 1990లలో సామాను సర్దుకుంది. గోధుమ పొలాలు ఏమయ్యాయని అడక్కండి, సమాధులైతే తిరిగి లేవలేదు.

2006లో మరొకరు వచ్చారు. గేట్స్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల సొమ్ముతో, నైరోబీ కేంద్రంగా ‘ఆగ్రా’ (ఆఫ్రికాలో హరిత విప్లవం కోసం పెట్టిన కూటమి) అనే సంస్థ. టాంజానియా సహా పలు దేశాల్లో హైబ్రిడ్ విత్తనం, ఎరువుల బస్తా, 2020 నాటికల్లా 3 కోట్ల రైతు కుటుంబాల దిగుబడి, ఆదాయం రెట్టింపు. 2020 రానే వచ్చింది. ఆ లక్ష్యం చడీచప్పుడు లేకుండా వాళ్ళ వెబ్‌సైటులోంచి మాయమైంది. ఇన్ని దశాబ్దాల్లో ఒక్క పాఠమైనా నిజంగా ఒంటబట్టిందని సంతోషించాలి: లక్ష్యానికి తేదీ వేయకూడదు.