మా బావగారు నిద్రలో తొక్కిన 1,450 కిలోమీటర్లు

కంప్యూటరు ముందు కూర్చున్న తర్వాత కీబోర్డు మీదనుంచి చేయి తీయడం మా బావగారికి బొత్తిగా ఇష్టం ఉండదు. మౌసు కోసం చేయి చాచిన ప్రతిసారీ రెండు సెకన్లు వృథా అవుతాయని ఆయన లెక్క. ఆ రెండు సెకన్లను మిగుల్చుకోవడానికి ఎన్నో ఆదివారాలు ఖర్చు చేసి, ప్రతి పనికీ ఏవో రెండు మూడు మీటల కలయికను ఏర్పాటు చేసుకున్నారు. చిటికెన వేలికి సులువుగా అందాలని కంట్రోల్ మీట పనిని క్యాప్స్ లాక్ మీటకు బదిలీ చేశారు. పని పోయిన కంట్రోల్ మీట ఊరికే ఉండడం చూడలేక దానికి శబ్దం తగ్గించే ఉద్యోగం ఇచ్చారు. ఎస్కేప్ నొక్కితే కాలిక్యులేటరు తెరుచుకుంటుంది. ‘ధ’ అని కొట్టి స్పేస్ నొక్కితే మూడు పంక్తుల కృతజ్ఞతా లేఖ ప్రత్యక్షమవుతుంది. ఇతరులెవరైనా ఆ కంప్యూటరులో నాలుగు మాటలు టైపు చేసుకోవాలంటే ఆయన పక్కనే నిలబడి దుబాసీ పని చేయవలసిందే. ఇక మౌసు సంగతంటారా, దాని తోకను మొదలంటా కత్తిరించి, మంచి తీగ కదా అని దాచిపెట్టారు. ఆ తీగ ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఈ మధ్య ఆయనకు వ్యాయామం మీద శ్రద్ధ కలిగింది. బయట సైకిలు తొక్కితే చదువుకోవడానికి వీలుండదు, కూర్చుని చదువుకుంటే తొక్కడానికి వీలుండదు. కనుక సైకిలును ఇంట్లోనే రెండు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, వెనుక చక్రం గాలిలో తిరిగేలా స్టాండు కింద చెక్కలు బిగించి, హ్యాండిలుకు ఎదురుగా ఎత్తైన బల్ల మీద కంప్యూటరును అమర్చారు. పుటలు తిప్పడానికి చేయి కదపవలసిన అవసరం కూడా లేకుండా చక్రమే ఆ పని చేయాలన్నది ఆయన సంకల్పం.

సంకల్పం గొప్పదే, పద్ధతీ సక్రమమైనదే. రీడ్ స్విచ్ అనేది చిన్న గాజు గొట్టంలో ఎదురెదురుగా అమర్చిన రెండు సన్నని లోహపు రేకులు. దగ్గరికి అయస్కాంతం వస్తే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. సైకిలు వేగం చూపే చిన్న మీటర్లలో చాలావాటికి ఇదే ఆధారం. బావగారు ఒక పాత కీబోర్డును విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డును బయటికి తీసి, ఒక మీట నొక్కినప్పుడు ఏ రెండు గీతలు కలుస్తాయో వెతికి పట్టుకుని, ఆ రెండింటినుంచీ మౌసు తోక ద్వారా రీడ్ స్విచ్‌కు సంబంధం కలిపారు. చక్రం ఒక చుట్టు తిరిగితే స్పోకులకు కట్టిన అయస్కాంతం స్విచ్ పక్కనుంచి వెళుతుంది, కంప్యూటరేమో ఎవరో మీట నొక్కారనుకుంటుంది.

మొదటి రోజు ఆ మీట పేజ్ డౌన్. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుకదానికి 18. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే చక్రం దాదాపు 147 సార్లు తిరుగుతుంది. ఆ లెక్కన 200 పుటల పుస్తకం నిమిషమున్నర తిరగకుండానే పూర్తయింది. ఆయన మొదటి పుటలో ఉన్న మొదటి వాక్యాన్ని కూడా పూర్తిగా చదవలేకపోయారు. మా అక్కయ్య తలుపు దగ్గర నిలబడి చూసి, “అయస్కాంతాన్ని పెడలుకు కట్టి, పుట బదులు ఒక్కొక్క వరుస జరిగేలా పెట్టుకోవచ్చు కదండీ” అన్నది. అది పనికివచ్చే సలహాయే. దానికోసం ఒక్క తాడు ముక్క తప్ప మరేమీ అవసరం లేదు కనుక బావగారికి అందులో ఆసక్తి కలగలేదు.

ఆయన ప్రోగ్రాము రాశారు. చక్రం ఇక పేజ్ డౌన్ నొక్కదు, అంతవరకు ఏ పనీ అప్పగించని ఎఫ్8 మీటను నొక్కుతుంది. ప్రోగ్రాము ఆ నొక్కుళ్లను లెక్కపెట్టి, 300 కాగానే, అంటే సుమారు రెండు నిమిషాలకు, ఒక పుట తిప్పుతుంది. లెక్క ఎలాగూ ఉన్నది కనుక దాన్ని చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లతో హెచ్చించి దూరం కూడా కట్టవచ్చని తోచింది. దూరం ఎలాగూ తెలుస్తున్నది కనుక ప్రతి పది కిలోమీటర్లకు ఆ శుభవార్తను బంధువుల గ్రూపుకు దానంతటదే పంపించవచ్చని తోచింది. సందేశం ఆయనే కూర్చారు: “ఇప్పటికి ఇన్ని కిలోమీటర్లు తొక్కాను. అలసట అన్నదే లేదు. మీరందరూ ప్రయత్నించండి.” అంకె మాత్రం మారుతుంది, అలసట లేకపోవడం మారదు.

పనితనంలో ఆయనకు వంక పెట్టలేము. రీడ్ స్విచ్ రేకులు అంటుకునేటప్పుడు క్షణకాలం తబ్బిబ్బై రెండు మూడు సార్లు తగిలి విడిపోతాయి, దానివల్ల ఒక చుట్టును మూడుగా లెక్కించే ప్రమాదం ఉన్నది. అందుకని ఒక నొక్కుడు తర్వాత 30 మిల్లీసెకన్లలోపు వచ్చే నొక్కుడును నమ్మవద్దని ప్రోగ్రాముకు చెప్పారు. ఈ జాగ్రత్తను నాకు ఎంతో గర్వంగా వివరించారు కూడా. అయస్కాంతం విషయంలో మాత్రం గోరంతది సరిపోయే చోట పాత లౌడ్ స్పీకరునుంచి ఊడదీసిన బండ అయస్కాంతాన్ని ఇనుప తీగతో స్పోకులకు బిగించారు. బలమైనది ఇంట్లో ఉండగా బలహీనమైనది ఎందుకు వాడాలన్నది ఆయన ప్రశ్న.

స్విచ్ మొదట సీటు కింది గొట్టానికి ఉండేది. అక్కడినుంచి బల్లదాకా గాలిలో వేలాడే తీగకు ఒక సాయంత్రం అక్కయ్య కాలు తగిలి, ఆవిడ పడబోయి బల్ల పట్టుకున్నది. “ఈ తీగను నేలమీదుగా వేస్తారా, నన్ను కత్తెర తెచ్చుకోమంటారా?” అని అడగడంతో బావగారు ఆ రాత్రే స్విచ్‌ను కిందికి దించి, ఇరుసుకు సరిగ్గా దిగువన స్టాండు కాలికి కట్టారు. తర్వాత కాసేపు తొక్కి, 20 కిలోమీటర్ల సందేశం వెళ్లిందని చూసుకుని, టైరు అరిగిపోకుండా డైనమోను పక్కకు జరిపి, రాత్రి పది గంటలకు దిగి నిద్రకు ఉపక్రమించారు. డైనమోను అలాగే వదిలేసి ఉంటే దాని రాపిడికి చక్రం ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. అడ్డు తొలగిన చక్రం మాత్రం తన బరువైన వైపును కిందికి తెచ్చుకుని, నాలుగుసార్లు ఊగి, అయస్కాంతాన్ని స్విచ్‌కు ఎదురుగా నిలిపి విశ్రమించింది.

మీటను నొక్కి పట్టుకుంటే ఒకే అక్షరం వరుసగా పడుతూ పోవడం అందరికీ తెలిసినదే. విండోస్‌లో ఆ వేగాన్ని సెకనుకు సుమారు 30 సార్లదాకా పెంచుకోవచ్చు. నిరీక్షణ అంటే గిట్టని బావగారు దాన్ని ఎప్పుడో చివరిదాకా పెంచి ఉంచారు. సెకనుకు 30 అంటే నొక్కుడుకూ నొక్కుడుకూ మధ్య 33 మిల్లీసెకన్లు. ఆయన కాపలా పెట్టినది 30 మిల్లీసెకన్లకు! ప్రతి నొక్కుడూ ఆ కాపలాదారు ముందునుంచే, మూడు మిల్లీసెకన్ల మర్యాద పాటిస్తూ, నిక్షేపంగా లోపలికి వెళ్లింది. మామూలుగా ఎవరూ ముట్టుకోకపోతే అరగంటకు కునుకు తీసే కంప్యూటరు, ఎవరో అదేపనిగా మీట నొక్కుతున్నారన్న నమ్మకంతో మేలుకునే ఉన్నది.

సెకనుకు 30 చుట్లు, చుట్టుకు 2.1 మీటర్లు. గంటకు దాదాపు 227 కిలోమీటర్లు. మనిషి తన కాళ్ల బలంతోనే, గాలిని చీల్చే తొడుగు బిగించిన ప్రత్యేక వాహనంలో పడుకుని, 2016లో అందుకున్న అత్యధిక వేగం గంటకు 144 కిలోమీటర్ల చిల్లర. దాన్ని సాధించిన టాడ్ రైకర్ట్ కనీసం మెలకువగా ఉన్నారు. 24 గంటల్లో 1,026 కిలోమీటర్లు తొక్కి 2021లో రికార్డు నెలకొల్పిన ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టాఫ్ స్ట్రాసర్‌ను మా బావగారు రాత్రి రెండున్నర కాకముందే, దుప్పటి ముసుగు తీయకుండానే దాటిపోయారు. తెర మీద ఉన్న పుస్తకం పది సెకన్లకు ఒక పుట చొప్పున అరగంటలో అయిపోయింది. దాని గురించి ఎవరూ చింతించలేదు.

గ్రూపులో రెండు నిమిషాల నలభై సెకన్లకు ఒకటి చొప్పున సందేశాలు చేరుతూనే ఉన్నాయి. దూరదేశంలో ఉండి అప్పుడు పట్టపగటి వెలుగులో ఉన్న మేనకోడలు ఒక్కతే వాటిని వెంటవెంటనే చూసి, 50కి చప్పట్లు, 100కి మరిన్ని చప్పట్లు పంపింది. 400 దగ్గర “మామయ్యా, నీళ్లు తాగుతున్నారా?” అని అడిగింది. “ఇప్పటికి 410 కిలోమీటర్లు తొక్కాను. అలసట అన్నదే లేదు” అని సమాధానం వచ్చింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏమీ అడగలేదు.

నాలుగు గంటలకు నిద్రలేచే అలవాటున్న పెద్దమ్మ ఫోను తీసి చూసేసరికి అంకె 1,380. ఆవిడ వెంటనే అక్కయ్యకు ఫోను చేసి, “అల్లుణ్ని ముందు సైకిలు దిగమను తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం” అన్నది.

“దిగడమేమిటి పెద్దమ్మా, ఆయన ఇక్కడ గుర్రు పెట్టి నిద్రపోతున్నారు.”

అవతల కాసేపు మాట లేదు. “అయితే సైకిలు ఎవరు తొక్కుతున్నారే?”

ఈ ప్రశ్నకు సమాధానం ఒంటరిగా వెతకడం ఇష్టం లేక అక్కయ్య పై అంతస్తులో ఉన్న నన్ను లేపింది. మేమిద్దరమూ ఆ గదిలోకి వెళ్లేసరికి చీకట్లో తెర వెలుగుతూ ఉన్నది, సైకిలు కదలకుండా నిలబడి ఉన్నది, దూరం అంకె మాత్రం మా కళ్లముందే పెరుగుతున్నది. అక్కయ్య ఎస్కేప్ నొక్కింది, కాలిక్యులేటరు వచ్చింది. మళ్లీ నొక్కింది, రెండో కాలిక్యులేటరు వచ్చింది. ఎంత మొండికేసిన కంప్యూటరైనా లొంగే ఉపాయంగా 1981 నాటి ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు సమకూర్చిన కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను నేను ఒకేసారి నొక్కాను. ఆ మూడింటిలో మొదటిది ఆ ఇంట్లో ఉండవలసిన చోట లేదన్న సంగతి, శబ్దం తగ్గిపోతున్న గుర్తు తెర మీద కనిపించాక గాని గుర్తు రాలేదు. మౌసు కోసం వెతికితే తోక లేని మొండెం సొరుగులో దొరికింది. ప్లగ్గు పీకాను. బావగారు స్వహస్తాలతో తయారు చేసిన బ్యాటరీ పెట్టె తన బాధ్యతను వెంటనే స్వీకరించి, ఆ విషయాన్ని కీచుమంటూ అందరికీ తెలియజేసింది. ఇంత కీచులాటలోనూ బావగారి గుర్రు మాత్రం తాళం తప్పలేదు.

అసలు మూలం చక్రమేనని గ్రహించి దాన్ని పావు చుట్టు తిప్పి వదిలాను. అంకె ఆగింది, నాకు ఊపిరి వచ్చింది. చక్రం నింపాదిగా వెనక్కి దొర్లి, అయస్కాంతాన్ని యథాస్థానానికి చేర్చింది. చివరికి దాన్ని తలకిందులు చేసి, నేను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. అక్కయ్య బావగారిని లేపడానికి వెళ్లింది.

సందేశాలు 1,450 దగ్గర ఆగిపోయాయి. అప్పుడు మొదలైంది అసలు కలవరం. అంతవరకు సందేశాలు వస్తున్నందుకు కంగారు పడినవారంతా ఇప్పుడవి ఆగినందుకు కంగారు పడసాగారు. “ఏమైంది? పడిపోయాడా?” అని మామయ్య. “ఎవరైనా పక్కన ఉన్నారా?” అని పెద్దమ్మ. జవాబు ఇద్దామంటే నా రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి.

బావగారు కళ్లు నులుముకుంటూ వచ్చి, తెరను చూసి, చక్రాన్ని చూసి, ఆ తర్వాత నన్ను చూసి, ఏమీ మాట్లాడకుండా హ్యాండిలు దగ్గరికి వెళ్లి ముందు బ్రేకును గట్టిగా నొక్కి పట్టుకున్నారు. అయిదారు సెకన్లలో కంప్యూటరు ఆగిపోయింది. పవరు బటన్ తీగలను ఆయన ఎప్పుడో బ్రేకు లీవరుకు కలిపారట.

“సైకిలును ఆపాలంటే బ్రేకు వేయాలని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదా?” అన్నారు.

అక్కయ్య నా వైపు చూసింది. ఆ సమయంలో ఆవిడతో ఎవరూ మాట్లాడకపోవడమే క్షేమమని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బావగారికి మాత్రం పెళ్లయి ఇన్నేళ్లయినా తెలియదు. ఆయన వంగి అయస్కాంతాన్ని పరిశీలిస్తూ, 30 మిల్లీసెకన్ల బదులు 40 పెట్టి ఉంటే ఇది జరిగేది కాదనీ, నిజానికి ఆరు గంటలకు పైగా ప్రోగ్రాము ఒక్క నొక్కుడును కూడా పోగొట్టుకోకపోవడం గమనించదగ్గ విషయమనీ వివరించారు. అయస్కాంతం బరువువల్ల చక్రం తూకం తప్పుతున్నదని ఒప్పుకున్నారు. చిన్న అయస్కాంతం వాడితే సరిపోతుంది కదా అని నేను అడిగితే, అది సమస్యనుంచి పారిపోవడం అవుతుందన్నారు.

తెల్లవారేసరికి తూకం సరిచేశారు. పాత లౌడ్ స్పీకర్లు జంటగా ఉండేవి కనుక రెండోదాని అయస్కాంతాన్ని కూడా ఊడదీసి, చక్రానికి సరిగ్గా ఎదుటి వైపు బిగించారు. ఇప్పుడు చక్రం ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది. చుట్టుకు రెండు లెక్కలు పడి దూరం రెట్టింపు కనిపిస్తున్నది కదా అంటే, దాన్ని రెండుతో భాగించడానికి మరో చిన్న ప్రోగ్రాము రాస్తున్నానన్నారు.

“రెండో వైపు అంత బరువున్న రాయి కట్టినా సరిపోయేది కదండీ” అన్నది అక్కయ్య.

“రాయి లెక్కపెట్టదు కదా!” అన్నారు బావగారు.