మంగళవారం గెడ్డం

మా బావది పలాస, జీడిపప్పు వ్యాపారం. మనిషి మంచోడే గానీ ఈమధ్య గెడ్డం పెంచుతున్నాడు, పెంచడమంటే ఊరికే వదిలేయడం కాదండోయ్, నూనె రాయడం, బుల్లి దువ్వెనతో దువ్వడం, ఆ ఇంట్లో మా అప్ప జడకి కూడా అంత సేవ లేదు. పైడితల్లమ్మ పండగకని విజయనగరం వచ్చాడు, ముందురోజు తొలేళ్ల రాత్రంతా బాగానే తిరిగాం, తెల్లారి అద్దం చూసుకుని "ఒరే, షేపు పోయిందిరా" అన్నాడు. సిరిమాను ఊరేగింపు ఎప్పుడూ మంగళవారమే కదా, ఆరోజు సెలూన్లు మూత. అయితేనేం, బావ బ్యాగులో ట్రిమ్మరుంది, ఫోన్లో వీడియో ఉంది, ఇంక ఎవడాపుతాడు.

మొదట మెడ గీత. గుటక వేస్తే కదులుద్ది చూడండి గొంతు మీద ఒక బుడిపె, దానికి రెండు వేళ్ల పైన గీత పెట్టుకుని కింద ఉన్నదంతా తీసేయాలట. మాట కరెక్టే, కానీ వీడియోలో కుర్రాడి వేళ్లు వేరు, మా బావ వేళ్లు వేరు. గీత తిన్నగా దవడ మీదకొచ్చి కూర్చుంది. సరే, బుగ్గలు సరిచేద్దామని ఎడమ పక్క కొంచెం దించాడు, కుడి పక్క దానికి సమానం చేయబోతే అది ఇంకాస్త దిగింది, మళ్లీ ఎడమ పక్క, మళ్లీ కుడి. పైగా అప్పుడే స్నానం చేసొచ్చాడేమో తడి గెడ్డం, తడిగా ఉన్నప్పుడు వెంట్రుక పొడుగ్గా కనబడి ఆరాక పైకి లేస్తుంది, ఆ సంగతి వీడియోవోడు చివర్లో చెప్పాడు, చివరిదాకా చూసే ఓపిక బావకెక్కడిది.

అసలు కథ ఇప్పుడు. ట్రిమ్మర్ మూతికి ప్లాస్టిక్ దువ్వెన తగిలిస్తారు కదా, 7 మీద పెడితే 7 మిల్లీమీటర్లు ఉంచుతుంది, గీతలు తీసేటప్పుడు మాత్రం దాన్ని ఊడదీయాలి. ఊడదీశాడు. ఈలోగా మా అమ్మ బయట్నించి "బాబూ, అట్లు సల్లారిపోతన్నాయి" అంది, "వచ్చేత్తన్నానత్తయ్యా" అంటూ ఈయన దువ్వెన లేకుండానే కుడి బుగ్గ మీద పైనించి కిందకి ఒక్క లాగు లాగాడు.

బర్ర్‌ర్.

అప్ప వచ్చి చూసి "ఓలమ్మో, పేనుకొరుకుడేటండీ ఇది!" అంది. గెడ్డం నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుద్దంటారు, ఆ లెక్కన 7 మిల్లీమీటర్లకి మూడు వారాలు కావాలి, సిరిమాను చూస్తే సాయంత్రమే. మా మేనకోడలు "నాన్నా, నేను నింపేస్తాను ఉండు" అని కాటుక డబ్బీ తెచ్చింది, నిజం చెప్పాలంటే పిల్ల బాగానే నింపింది, ఆరడుగుల దూరం నించి ఎవడూ పట్టుకోలేడు.

కానీ మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆరడుగుల దూరం ఎక్కడ దొరుకుద్దండీ, ఆ జనంలో ఊపిరి తీసుకోడానికే చోటుండదు. అంతెత్తు మాను చివర కూర్చుని పూజారిగారు కోట వైపు కదిలారు, అందరూ అరటిపళ్లు విసురుతున్నారు, బావ కూడా చేతులెత్తి దండం పెట్టి భక్తితో తువ్వాలు తీసి మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు. పక్కనున్న ముసలాయన కంగారుపడి "బాబూ, తారేటి?" అన్నాడు. చెవి దాకా నలుపే.

ఇంటికొచ్చి తలుపేసుకుని మొత్తం గొరిగేశాడు. నుదురంతా పలాస ఎండ, కిందంతా తెలుపు, ఒకే మనిషిలో ఇద్దరు. మా అమ్మ చూసి గుండెల మీద చెయ్యేసుకుని "ఇదేటి బాబూ, మంగళారం పూట! అప్పన్నకి మొక్కేటైనా ఉందేటి?" అంది.

దారి దొరికింది కదా అని బావ "అవునత్తయ్యా, మొక్కే" అనేశాడు.

"అయ్యో, మొక్కుంటే బాత్రూంలో గీసేసుకుంటారేటి నాయనా, సింహాచలం కొండ మీద ఇవ్వాల గదా! రేపు బేగి లెగండి, ఎల్దాం. ఎలాగూ గెడ్డం నేదు, గుండిచ్చేద్దురు గాని."

బావ మొహం చూసి నేను నవ్వాపుకోలేక వీధి గుమ్మంలోకి పోబోతుంటే వెనకనించి అమ్మ గొంతు, "నవ్వుతావేట్రా, నువ్వు డిగ్రీ పాసయితే గుండిత్తానని మొక్కినాను, నీదీ బాకీ ఉంది. నువ్వూ బస్సెక్కు."