సవరణ: ఆకుకూరలు, నోటిలోని బ్యాక్టీరియా

పోయిన వారం పోస్టులో రెండు తప్పులు రాశాను. మాంసం మానేసి మొక్కల నుంచి వచ్చే తిండే తింటే పళ్లు పుచ్చవని ఒకటి. రోజూ రెండు పూటలా ఘాటైన మౌత్‌వాష్‌తో పుక్కిలించి నోటిలోని బ్యాక్టీరియాను మొత్తం చంపెయ్యాలని రెండోది. చదివి పాటిస్తున్నవాళ్లు ఉంటే దయచేసి ఇది కూడా చూడండి.

రెండోదే పెద్ద తప్పు. పొద్దున్నే విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారులో మనం కొనే తోటకూర, పాలకూర కట్టల్లో నైట్రేట్ బాగా ఉంటుంది. తిన్నాక అది రక్తంలో కలిసి, కొంత మళ్లీ లాలాజలంలోకి వస్తుంది. అక్కడ నాలుక వెనకవైపు, గరుకుగా ఉండే చోట కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మనం మింగే ఆ నైట్రైట్ నుంచి రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. క్లోర్‌హెక్సిడిన్ (బ్యాక్టీరియాను చంపే మందు) ఉన్న మౌత్‌వాష్ లాంటి దానితో రోజూ పుక్కిలిస్తే మేలు చేసే ఈ బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది. డాక్టర్ రాసిస్తే మాత్రం చెప్పినన్ని రోజులు వాడాల్సిందే.

ఇక పుచ్చు పళ్ల సంగతి. పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియా స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌కు చక్కెర దొరికితే చాలు. అనకాపల్లి బెల్లం కూడా చెరకు నుంచే, అంటే మొక్క నుంచే కదా! బెల్లంతో చేసిన పల్లీచెక్క ముక్క దవడ పంటి గుంటలో అతుక్కుంటే ఆ బ్యాక్టీరియా దానిలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. శాకాహారులైనా ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి.

పాత పోస్టులో ఆ రెండు మాటలూ తీసేశాను.