బయోమెడికల్‌లో చేర్చొద్దంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

ఈఏపీసెట్ ర్యాంకులొచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు మొదలైతే చాలు, తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. సారాంశం ఇది: బయోమెడికల్ ఇంజనీరింగ్ (వైద్య పరికరాల ఇంజనీరింగ్) నీట్‌లో సీటు రానివాళ్ళ కోర్సు. నాలుగేళ్ళూ బయాలజీ బట్టీ పట్టాలి. బయటికొస్తే ఆసుపత్రిలో మెకానిక్ పని. ఎంటెక్‌లో చేరడానికి గేట్ పరీక్ష రాసే దారి లేదు. అమెరికా పోతే తప్ప ఉద్యోగం రాదు. కాబట్టి కళ్ళు మూసుకుని ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) తీసుకోండి. కింద ‘మీ బంధువులందరికీ పంపండి’ అని తోక కూడా ఉంటుంది. ఈ కోర్సే చదివి ఈ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి ఒక్కొక్కటీ చూస్తాను.

ముందు నీట్ సంగతి. దీనికీ నీట్‌కీ సంబంధమే లేదు. ఇది ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ర్యాంకుతో చేరే బీటెక్. కొన్నిచోట్ల బైపీసీ వాళ్ళకూ దారి ఉంది గానీ, చేరాక లెక్కలు తప్పవు. డాక్టర్ సీటు రాలేదు, కనీసం దానికి దగ్గరగానైనా ఉందామని చేరిన పిల్లకాయలే నిజానికి ఎక్కువ అవస్థ పడతారు. అనాటమీ, ఫిజియాలజీ ఉంటాయి, కాదనను. మిగతాదంతా సర్క్యూట్లు, సిగ్నల్స్, లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్, మైక్రోకంట్రోలర్లు.

బయాలజీ బట్టీ అన్నవాళ్ళు ఒక్కసారి ఈసీజీ మిషన్ దగ్గర నిలబడి చూడాలి. గుండె నుంచి చర్మం దాకా వచ్చే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు, అటూ ఇటూ. గది గోడల్లో పారుతున్న 50 హెర్ట్జ్ కరెంటు వల్ల ఒంటి మీద చేరే వోల్టేజీ దానికి ఎన్నో రెట్లు. ఇంత గోలలోంచి అంత చిన్న సిగ్నల్‌ని ఏరి బయటికి తీయాలి. రెండు చేతులకూ ఎడమ కాలికీ పెట్టే క్లిప్పులు కొలత కోసం. కుడికాలి క్లిప్పు దేన్నీ కొలవదు. ఒళ్ళంతా ఒకేలా ఉన్న ఆ గోలని మిషన్ పసిగట్టి, తలకిందులు చేసి, ఆ క్లిప్పు గుండా ఒంట్లోకే తిరిగి పంపి అణిచేస్తుంది. ఆ ఒక్క వైరు లోపల తెగిందనుకోండి, కాగితం మీద గీత నూగు పట్టినట్టు వణుకుతూ వస్తుంది. వార్డులో మిషన్ పాడైందంటారు, మారిస్తే సరిపోయేది వైరు. అది గుండె లయలో తేడానా, కరెంటు గోలనా అని చెప్పాలంటే గుండె గురించీ తెలియాలి, చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసే యాంప్లిఫయర్ గురించీ తెలియాలి. బట్టీ పడితే వచ్చే విద్య కాదిది.

ఇక మెకానిక్ మాట. రిపేరు మా పనిలో ఉంది, అందులో చిన్నతనం ఏముందో నాకర్థం కాదు. కానీ ఆగిపోయిన మిషన్ ఎవరికైనా కనబడుతుంది. చక్కగా నడుస్తూ తప్పు చేస్తున్న మిషనే ప్రమాదం. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ మీద 200 జౌళ్ళని పెడితే నిజంగా అంత షాక్ బయటికొస్తోందా అని అనలైజర్ పెట్టి చూడాలి. నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు గంటకి 5 మిల్లీలీటర్లని చూపిస్తూ 7 ఎక్కిస్తుంటే, అలారం మోగకుండానే రోగికి మందు ఎక్కువైపోతుంది. గుండెకి నేరుగా తగిలే పరికరంలో మామూలుగా అనుమతించే లీకేజీ (పరికరం నుంచి ఒంట్లోకి కారే కరెంటు) 10 మైక్రోఆంపియర్లు. చేత్తో ముట్టుకుంటే తెలియను కూడా తెలియనంత కరెంటది. తిరుపతిలో స్విమ్స్, రుయా, బర్డ్, 2021లో తెరిచిన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, అన్నీ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి. వాటిలో పరికరాలన్నీ ఎవరో ఒకరు ఇలా సరిచూస్తేనే నడుస్తాయి.

గేట్ లేదన్నది శుద్ధ అబద్ధం. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్‌కి విడిగా పేపరే ఉంది. చిత్తూరు నుంచి గంట బస్సు ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ, ఐఐటీ మద్రాసు, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థ మూడూ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో (ఆసుపత్రి పరికరాల ఇంజనీరింగ్) ఎంటెక్ నడుపుతున్నాయి. మెసేజ్ రాసినాయన పక్క ఊరు కూడా చూసినట్టు లేదు.

ఉద్యోగాల దగ్గరికొస్తే ఆయన పూర్తిగా అబద్ధం ఆడలేదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌వే. ఈ రంగంలో మొదటి జీతాలు తక్కువ, సర్వీస్ ఇంజనీర్ పోస్టులకి ఈసీఈ వాళ్ళూ డిప్లొమా వాళ్ళూ పోటీకొస్తారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వాసుపత్రుల పరికరాల నిర్వహణ ప్రైవేటు ఏజెన్సీల చేతిలో ఉంది, కాబట్టి గవర్నమెంటు ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఎవరూ చేరొద్దు. అంతమాత్రాన అమెరికాయే గతి అనడం అతి. శ్రీచిత్రలో తయారైన గుండె కవాటాన్ని 1990లోనే రోగికి అమర్చారు. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికొచ్చాయి. దాంతో పరికరం తయారుచేసే కంపెనీకి పరీక్షలు, పత్రాలు, లైసెన్సులు చూసే మనుషులు కావలసి వస్తున్నారు. ఆ పని గురించి మనవైపు పిల్లలకి చెప్పేవాళ్ళే తక్కువ.

ఈసీఈ మంచి బ్రాంచే, దాన్ని తక్కువ చేయను. అది చదివి తర్వాత ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. కళ్ళు మూసుకుని తీసుకోమనడమే నాకు నచ్చనిది. సర్క్యూట్లంటే చిరాకు పడే పిల్లకి రెండూ కష్టమే. ఇష్టం ఉంటే, ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్ళి రెండు విషయాలు అడగండి: మూడో ఏడాది పిల్లల్ని ఏ ఆసుపత్రికి, ఎన్ని వారాలు పంపుతారు? ల్యాబ్‌లో పరికరాల లీకేజీ కొలిచే సేఫ్టీ అనలైజర్ ఉందా, ఉంటే ఒకసారి ఆన్ చేసి చూపిస్తారా? ల్యాబ్ తాళం చెవి వెతకడానికే అరగంట పట్టిందంటే ఆ కాలేజీని లిస్టులో కిందికి జరపండి.