లోపలికి తీసుకోరాదు

కర్నూల్లో ఒక చిన్న ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా కాంపౌండర్ని. కట్లు కట్టడం తప్ప ఇంకో విద్య రాదు, అదొక్కటీ మాత్రం బాగా వచ్చని నా నమ్మకం. షుగర్ కాళ్ళు, బండి మీద నుంచి పడిన మోకాళ్ళు, ఉగ్గాని బజ్జీల బండి దగ్గర నూనె చిందిన చేతులు, అన్నీ నా చేతి మీదుగా మానినవే. ఇప్పుడు చెప్పబోయేది 2020 నాటి సంగతి. ఇందులో పేషెంట్ల పేర్లు మార్చి రాస్తున్నా. ఇద్దరిదీ ఒకటే పేరు కాబట్టి మార్చడంలో నాకు సగం పని తగ్గింది, కానీ ఆ ఒకటే పేరు వల్లే సగం కొంప కూడా మునిగింది.

ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. ముందురోజు రాత్రి ఎనిమిదికి ప్రధాని టీవీలో లాక్‌డౌన్ అన్నారు, తెల్లారి లేచేసరికి శార్వరి నామ సంవత్సరం మొదలైంది, రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. శార్వరి అంటే రాత్రి అని మా వీధి అయ్యవారు ఫోన్ చేసి మరీ చెప్పాడు, ఎవరడిగారు ఆయన్ని. ఏప్రిల్ గడిచేలోపు రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ కేసులు మావే అయ్యాయి. వీధికి అడ్డంగా కట్టెలు, ఎక్కడ చూసినా బ్లీచింగ్ వాసన, రెడ్ జోన్, సరుకులకు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే టైం.

కరోనా వచ్చిందని పుండు ఆగదు కదా. రోజూ డ్రెస్సింగ్‌కి వచ్చేవాళ్ళు మాకు ముప్ఫై మంది దాకా ఉండేవాళ్ళు, ఎక్కువమంది షుగర్ పేషెంట్లు, అరవై దాటినవాళ్ళు, అంటే అసలు గడప దాటకూడనివాళ్ళు. టెలిమెడిసిన్ నియమాలు కూడా సరిగ్గా ఆ ఉగాది రోజే వచ్చాయి. అవి చదివి డాక్టరమ్మ ఒక నిర్ణయం తీసుకున్నారు. పుండు ఆమె వీడియో కాల్‌లో చూస్తారు, కట్టు ఇంట్లో కొడుకో కోడలో కడతారు, పది రోజులకు సరిపడా సామాన్లు మేం ఇస్తాం. "మేం" అంటే నేను.

సామాన్లంటే చిన్న పనేం కాదు. గాజు గుడ్డ, అంటే పుండు మీద వేసే పల్చటి వల గుడ్డ, తాను విప్పి, ముక్కలు కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, స్టీలు డ్రమ్ములో సర్ది, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడకనిచ్చి తీయాలి. దూది ఉండలు, నాలుగంగుళాల కట్టు గుడ్డ, సెలైన్ సీసా, పేపర్ ప్లాస్టర్, గ్లవ్స్. మాస్కులూ శానిటైజర్ల ధరలకు ప్రభుత్వం గీత గీసింది, మూడు పొరల మాస్కు 10 రూపాయలు, 200 మిల్లీల శానిటైజర్ 100 రూపాయలు అని. గీత బాగానే ఉంది, సరుకే లేదు. ఎనిమిదో రోజుకి నా వేళ్ళ మీద కత్తెర కాయలు కాచాయి, ఎవరైనా పలకరిస్తే నాలుగు మడతలు పెట్టి జవాబిచ్చే స్థితికొచ్చా.

అన్నీ కుదిరాయి గానీ పుండుకి పూసే మందు, బీటాడిన్ దగ్గర చిక్కొచ్చింది. మా దగ్గరున్నది అరలీటరు సీసాలు, అది మనిషికొకటి ఇస్తే నలుగురికే అయిపోతుంది. చిన్న సీసాల్లో పోసి పంచాలి, మరి చిన్న సీసాలు ఎక్కడివి? అప్పుడు నా బుర్రలో ఒక బల్బు వెలిగింది, అది ఆ రోజు వెలగకుండా ఉంటే ఎంత బాగుండేదో. స్టోర్ రూంలో దగ్గుమందు ఖాళీ సీసాలు గోనెసంచెడు ఉన్నాయి, గోధుమరంగువి, మంచి మూతలవి. కడిగి, ఎండబెట్టి, బీటాడిన్ పోశా. లేబుళ్ళు గీకితే ఊడలేదు, అందుకని వాటి మీద వెడల్పు ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో "పైపూతకు మాత్రమే. లోపలికి తీసుకోరాదు" అని రాశా. నా దస్తూరి గుండ్రంగా ఉంటుంది, చూసుకుని మురిసిపోయా కూడా.

పొద్దున ఆరున్నరకి పంపకం. గేటు ముందు సున్నంతో గుండ్రాలు గీశాం. మనుషులు అందులో నిలబడాలి, కానీ కర్నూలు ఎండ సంగతి తెలిసినవాళ్ళు తమ బదులు చెప్పులు నిలబెట్టి ఎదురుగా వేపచెట్టు కింద చేరారు. నేను కిటికీలోంచి చూస్తే పదిహేను జతల చెప్పులు చక్కగా దూరం పాటిస్తున్నాయి, వాటి యజమానులు మాత్రం చెట్టు కింద భుజాలు రాసుకుంటూ, కరోనా ఎలా అంటుకుంటుందో ఒకరికొకరు దగ్గరగా చెప్పుకుంటున్నారు.

మొదటి మద్దిలేటి పెద్దాయన, డెబ్బై ఉంటాయి, మడమ మీద షుగర్ పుండు. దూది, గాజు పొట్లాలు తీసుకుని సీసా కోసం పిలిచేదాకా ఆగుదామని చెట్టు కిందికి పోయాడు. రెండో మద్దిలేటి నలభై ఏళ్ళవాడు, మిరపకాయల గోదాములో హమాలీ. మా వైపు ఆ పేరు కొత్తవాళ్ళకి వింత గానీ, బేతంచెర్ల దగ్గరి మద్దిలేటి స్వామి పుణ్యమా అని నడిబజార్లో నిలబడి మద్దిలేటీ అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఇతనికి మిరప ఘాటుకి ఏటా ఎండాకాలం దగ్గు మామూలే. జ్వరం లేదు, ఆయాసం లేదు, డాక్టరమ్మ ఫోన్లో అన్నీ అడిగి ఒక దగ్గుమందు సీసా ఇమ్మన్నారు. కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, కవరు మీద దగ్గు అని రాయొద్దు."

"మరేం రాయాలప్పా?"

"ఏమీ రాయొద్దు. ఉట్టి పేరు రాయి. మెడికల్ షాపులో దగ్గుమందు అడిగితే పేరు, ఫోన్ నెంబరు రాసుకుంటాండారు. వాలంటీరమ్మ చూసిందంటే మా వీధి అంతా కట్టెలు కట్టేస్తారు."

ఆ మాట అంటూ దగ్గు వస్తే, దాన్ని తుమ్ముగా మార్చబోయి, తుమ్ము కూడా ప్రమాదమే అని గుర్తొచ్చి, మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. సరే అని కవరు మీద మద్దిలేటి అని మాత్రం రాశా. పెద్దాయన కవరు మీద "మద్దిలేటి, కాలు" అని రాశా. రెండూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టా.

ఇక్కడే నా శుభ్రత నా మీదికొచ్చింది. ఇచ్చే ప్రతి వస్తువునీ శానిటైజర్‌తో తుడిచి ఇవ్వాలని నేనే పెట్టిన రూలు. స్ప్రే సీసా తీసుకుని సీసాల మీదా కవర్ల మీదా వానలా కొట్టి, గుడ్డతో రుద్దా. మార్కర్ సిరాకి స్పిరిట్ అంటే ఎంత ప్రేమో ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు తెలియదా? తెలుసు. సిరాకీ తెలుసు. కాలు చెరిగిపోయింది. రెండు కవర్ల మీదా మద్దిలేటే మిగిలాడు, అదీ మసగ్గా. తడికి సీసా మీది ప్లాస్టర్ కూడా ఊడింది. అది ఎక్కడ పడిందో నేను చూడలేదు, వెనక చెప్పుల యజమానులు తోసుకుంటున్నారు, తొమ్మిది కావస్తోంది. మద్దిలేటీ అని పిలిచా, ఒకరొచ్చారు, ఇచ్చా. మళ్ళీ పిలిచా, ఇంకొకరొచ్చారు, ఇచ్చా. మాస్కుల మీద తువాళ్ళు చుట్టుకుని ఉన్నారు ఇద్దరూ.

ఆ రాత్రి ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. అప్పట్లో అందరిళ్ళలోనూ అంతే, పెరట్లో స్నానం చేసి, బట్టలు సబ్బునీళ్ళలో వేసి, అప్పుడు లోపలికి. నేను వెనక్కి తిరగ్గానే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నా చొక్కా మోచేతి దగ్గర ప్లాస్టర్ ముక్క అంటుకుని ఉంది, దాని మీద నా గుండ్రటి దస్తూరితోనే, కాస్త అలుక్కుపోయి, "లోపలికి తీసుకోరాదు".

"మీ డాక్టరమ్మకి కూడా తెలిసిందన్నమాట" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ప్లాస్టర్ నా మోచేతి మీద ఉందంటే ఏదో ఒక సీసా మీద లేదని అర్థం, అంత తేలిక లెక్క నాకు తట్టలేదు.

మూడో రోజు పొద్దున పెద్దాయన ఇంటి నుంచి వీడియో కాల్. మొదట ఫ్యాను కనిపించింది, తర్వాత ఒక మేక, తర్వాత మనవడి చెవి, చాలాసేపటికి కాలు. నేను ఫోన్ పట్టుకున్నా, డాక్టరమ్మ అద్దాలు సవరించుకుని వంగి చూస్తున్నారు. కట్టు మీద ఏదో కదులుతోంది. నెట్‌వర్క్ అనుకున్నాం. కాదు, చీమలు. నులకమంచం కోడు మీద నుంచి బయల్దేరి, పట్టె వెంట నడిచి, మడమ దగ్గర కట్టులోకి దూరుతున్న ఎర్రచీమల బారు, అదేదో తిరుణాలకి పోతున్నట్టు వరసగా. పాదం స్పర్శ పోయిన షుగర్ కాలు కాబట్టి ఆయనకు చీమంతైనా తెలియడం లేదు. పైగా మొహం వెలిగిపోతోంది.

"డాక్టరమ్మా, మీ మందు బంగారం! ఒంట్లో ఉండే షుగరంతా కాలి దారిన బయటికొస్తాంది. సూడండి, చీమలు పట్టినాయి!"

షుగర్ ఉన్నవాళ్ళు ఒంటికి పోసిన చోట చీమలు చేరతాయని పల్లెల్లో అందరికీ తెలిసిందే, ఆ లెక్కన ఆయన తర్కంలో తప్పేమీ లేదు. డాక్టరమ్మ మాత్రం ఫోన్ వైపు కాకుండా నా వైపు చూశారు. "సీసా చూపించమను" అన్నారు. మనవడు సీసా కెమెరాకి ఆనించాడు. అడుగున ఇంత మిగిలి ఉంది, ఎర్రగా, చిక్కగా, మూత చుట్టూ పాకం కట్టి. పూటకు రెండు చెంచాలు అని లేబుల్. పెద్దాయన మాట తప్పే మనిషి కాదు, పూటకు రెండు చెంచాలే పోశాడు, మడమ మీద.

దగ్గుమందు కాలికి పోయిందంటే కాలిమందు ఎక్కడికి పోయినట్టు? నాకు అప్పుడు మోచేతి మీద ప్లాస్టర్ గుర్తొచ్చింది. కాళ్ళు వణికాయి. హమాలీ మద్దిలేటికి ఫోన్ కొట్టా. అటు నుంచి ఖళ్ళు ఖళ్ళుమని దగ్గు! నా ప్రాణం గొంతులోకి వచ్చింది, "మద్దిలేటీ, తాగొద్దు, తాగొద్దప్పా" అని అరిచా. ఆ దగ్గు వెనకే ఒకమ్మాయి కరోనా జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. కాలర్ ట్యూన్. అప్పట్లో దేశంలో ఏ ఫోన్ కొట్టినా ముందు దగ్గే వినిపించేది, ఆ దగ్గు రికార్డు చేసినవాళ్ళెవరో గానీ నా ఆయుష్షు ఒక ఏడాది తీసుకున్నారు. ట్యూన్ అయిపోయింది, ఫోన్ ఎవరూ ఎత్తలేదు.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చారు, స్కూటర్ తీశా. వీధి మొదట్లో కట్టెల దగ్గర పోలీసాయన ఆపాడు. దగ్గు అన్న మాట నోట్లోంచి వస్తే ఆ వీధి గతి ఏమవుతుందో తెలుసు కాబట్టి మింగేసి, "సార్, ఒకాయనకి మందు మారింది, అర్జెంట్" అన్నా.

ఆయన లాఠీ దించి నన్ను జాలిగా చూశాడు. "మందు మారిందా? అసలు దొరుకుతాంటే కదప్పా మారేది! నెల కావస్తాంది షాపులు మూసి." ఆ తర్వాత దగ్గరికొచ్చి మెల్లగా, "యాడ దొరికింది?" అన్నాడు. చీటీ చేతిలో పెట్టా. చదివి, కాస్త నిరాశపడి, కట్టె ఎత్తాడు.

మద్దిలేటి అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. నేను రొప్పుతూ సీసా ఏదని అడిగితే, లోపలికెళ్ళి జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి సీసా బయటికి తీశాడు. మూత సీలు వేసినట్టే ఉంది.

"తాగలేదా?"

"యాడన్నా! తాగితే దగ్గుందని ఒప్పుకున్నట్టే గదా. వాలంటీరమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి దగ్గా, జ్వరమా అని అడుగుతాంటే, ఆ భయానికి అదే పోయింది."

నేను ఆ సీసా జేబులో వేసుకుని అరుగు మీదే కూలబడ్డా. వాళ్ళావిడ చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగబోతే పొరపోయి దగ్గు వచ్చింది, అదీ మామూలు దగ్గు కాదు. ఎదురింటి కిటికీ, దాని పక్క కిటికీ, ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయి. మద్దిలేటి నన్ను దాదాపు నెట్టుకుంటూ స్కూటర్ దాకా తెచ్చి వదిలాడు.

డాక్టరమ్మ ఏమన్నారో పూర్తిగా రాయను. దగ్గుమందు సీసాలన్నీ ఆ రోజే నా చేతే పగలగొట్టించారు, బీటాడిన్ కొత్త సీసాల్లోకి మారింది, ఆ సీసాల మెడకి ఎర్రదారం కట్టడం అప్పుడే మొదలైంది. పెద్దాయన్ని ఆటోలో రప్పించి సెలైన్‌తో కాలు కడిగి చూస్తే, అదృష్టం, పుండు చెడలేదు. పనిలో పనిగా వేలు గుచ్చి షుగర్ చూశారు. నెల కింద పరగడుపున 270 ఉన్న మనిషికి 148 వచ్చింది. మిషన్ మీద అనుమానంతో ఇంకో వేలు గుచ్చారు, అంతే వచ్చింది. హోటళ్ళు లేవు, బజ్జీల బండి లేదు, మిఠాయి అంగడి లేదు, నెలంతా ఇంట్లో జొన్నరొట్టే, గోంగూర పప్పూ తిన్నాడు, తగ్గక ఏం చేస్తుంది అని డాక్టరమ్మ పావుగంట విడమరిచి చెప్పారు. పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు, చేతులు జోడించాడు, ఎర్రదారం కట్టిన సీసా తీసుకున్నాడు. గేటు దాకా వెళ్ళి, సున్నం గుండ్రంలో నిలబడి, నన్ను వేలితో పిలిచాడు.

"నాయనా, ఆమెకి చెప్పాకు. ఆ తీపిది ఇంకొక్క సీసా ఇయ్యి. సగమే వచ్చింది, లోపల ఇంకా ఉంది."